నిలకడ ఉండగా సమతుల్యత ఎందుకు?

సందేహం: హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. బయట ఎండ కాసినా చలి కొరికినా జంతువుల ఒంట్లో వేడి, నీరు, లవణాలు దాదాపు ఒకే తీరున ఉండడాన్ని కొందరు 'సమస్థితి' అనీ, కొందరు 'సమతుల్యత' అనీ రాస్తున్నారు. ఏది ఒప్పు? 'శీతలరక్త జంతువులు' అనవచ్చా? (ఒక ఉపాధ్యాయిని)

సమాధానం: అమ్మా, ముందు ఆ 'సమతుల్యత' సంగతి చూద్దాం. తులతో సరితూగేది తుల్యం. సమానమన్న అర్థం అందులోనే ఉంది. దాని నెత్తిన మళ్లీ 'సమ' ఎక్కించడం మన పత్రికలకు అలవాటైపోయింది. చెబితే వినేవారేరీ! పైగా త్రాసు సరితూగాక ముల్లు కదలదు. ఒంటికి అలాంటి విశ్రాంతి ఎక్కడిది?

ఇంత చక్కని 'నిలకడ' మన నోట్లోనే ఉంది. 'నిలు' ధాతువుకు 'కడ' చేరి నిలుకడ, నిలకడ అయింది. రాకడ, పోకడ దాని తోబుట్టువులు. మనడం నుంచి వచ్చిన మనుగడా ఆ ఇంటిదే. అక్కడ 'కడ' కాస్తా 'గడ' అయింది. జ్వరం తగ్గుముఖం పట్టిన రోగిని చూసి డాక్టరు 'నిలకడగా ఉంది' అంటే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. సంస్కృతంలో 'స్వస్థుడు' అన్నా తనలో తాను నిలిచినవాడనే.

నిలకడ అంటే కదలకపోవడం కదా అని ఎవరైనా అడ్డుపడవచ్చు. కాదు. నిలకడ లేని మనిషి అన్నప్పుడు కాళ్లూ చేతులూ ఆడించేవాడని కాదు గదా, మనసు కుదురు లేనివాడని. ఒంటి ఈ గుణానికి ఇంగ్లీషులో 'హోమియోస్టాసిస్' అన్న పేరు పెట్టిన అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ కూడా, అది గడ్డకట్టిన స్థితి కాదు, కొంత మారుతూనే దాదాపు నిలిచి ఉండేదని 1932లో వివరించాడు. ఎడారి ఒంటెనే చూడండి. నీళ్లు దొరకని వేసవిలో దాని ఒంటి వేడి తెల్లవారుజామున సుమారు 34 డిగ్రీల సెల్సియస్ ఉండి, మధ్యాహ్నానికి 40 దాటుతుంది. చెమటతో నీరు పోగొట్టుకోకుండా పగటి వేడిని ఒంట్లోనే దాచుకుని, రాత్రి చలిలో వదిలేస్తుంది. నీళ్లు తాగిన ఒంటెకు ఈ తేడా రెండు డిగ్రీల పాటిదే. వేడిని కాస్త అటూ ఇటూ పోనిచ్చి నీటిని కాపాడుకుంటోందన్నమాట. దీన్ని నిలకడ అనక ఏమంటాం?

'శీతలరక్త' మాట మాత్రం పిల్లలకు చెప్పకండి. పొద్దున్నే గోడెక్కి ఎండ కాచుకున్న తొండ రక్తం మన రక్తమంత వెచ్చగా ఉండవచ్చు. దాని వేడి చాలావరకు బయటినుంచి వచ్చేది, మనది ఒంట్లో పుట్టేది. తేడా అంతే. 'అస్థిరోష్ణ', అంటే ఒంటి వేడి స్థిరంగా ఉండనివి, అనడం కొంత మేలు, అదీ పూర్తిగా అతకదు.

పాఠ్యపుస్తకంలో 'సమస్థితి' ఉంటే ఉండనివ్వండి. పరీక్షలో పిల్లలు రాయవలసింది అదే. నల్లబల్ల మీద దాని పక్కనే 'నిలకడ' అని కూడా రాయండి. శాస్త్రగ్రంథాలకు అది చాలుతుందా అంటే, వాడి చూస్తే గాని తెలియదు.