గండికోట పేరులో 'గండి' అంటే ఏమిటి? ఆ మాట ఎక్కడిది?

గండి అంటే కొండను నది కోసుకుంటూ పోగా ఏర్పడిన ఇరుకైన, నిట్టనిలువు గోడల సందు. కడప జిల్లా జమ్మలమడుగు దగ్గర పెన్నా నది ఎర్రమల కొండలను అలాగే చీల్చుకుంటూ పోతుంది. ఆ అంచున కట్టిన కోట గనుక గండికోట. చాలామంది దీన్ని 'లోయ' అనేస్తారు, కానీ లోయ వెడల్పుగానూ ఉండొచ్చు. గండిలో ఆ కోత, ఆ ఇరుకు కనిపిస్తాయి. అందుకే నాకు ఈ మాటే ఇష్టం.

ఇది సంస్కృతం నుంచి వచ్చింది కాదు, అచ్చమైన ద్రావిడ పదం. తమిళ, మలయాళాల్లో 'కండి' అంటే కంచెలో సందు, కొండ కనుమ కూడా. కన్నడంలో కండి, గండి రెండూ ఉన్నాయి, రంధ్రం అనే అర్థంలో. అంటే మూలార్థం 'తెరపి, సందు'. చెరువుకట్ట తెగితే గండి పడింది అంటాం కదా, అదీ ఈ మాటే. 'ఆదాయానికి గండి కొట్టారు' అన్న వాడుక అక్కడి నుంచే.

వేంపల్లె దగ్గర పాపాఘ్ని నది కొండల్ని చీల్చే చోట వెలసిన ఆంజనేయుడి క్షేత్రం పేరూ గండే. పాపికొండల దారిలో గోదావరి ఒడ్డున గండి పోచమ్మ ఉంది.