ఫోన్ చూపే వాలును నమ్మి పైపులు పూడ్చొద్దు

ప్రశ్న: మాది మైదుకూరు దగ్గర కేసీ కాలువ కింద నల్లరేగడి పొలం. పైకయ్యల్లో వరి నాటితే ఆ ఊట కిందున్న నా పసుపులోకి దిగి దుంప కుళ్లిపోతోంది. ఆ ఊట బయటికి పోయేలా నేల అడుగున రంధ్రాల పైపులు వేయిద్దామనుకుంటున్నా. వాలు చూసుకోవడానికి ఫోన్‌లో లెవెల్ యాప్, జీపీఎస్ యాప్ సరిపోతాయా?

జవాబు: సరిపోవు. పసుపు దుంప కుళ్లితే ఏడాది కష్టం పోయినట్టే కాబట్టి మీ టెన్షన్ అర్థమవుతోంది. కానీ ఆ యాప్‌లను నమ్మి మాత్రం తవ్వించకండి. పైపు పూడ్చాక తప్పు ఎక్కడ జరిగిందో పైనుంచి కనపడదు.

వంద మీటర్ల పైపుకు 20 సెంటీమీటర్ల వాలు పెట్టారనుకుందాం. డిగ్రీల్లో అది 0.11 మాత్రమే. లెవెల్ యాప్‌లు మామూలుగా 0.1 డిగ్రీ కంటే చిన్న తేడా చూపవు. ఫోన్ ఒక చివర కింద ఇసుక రేణువు ఇరుక్కున్నా ఆ అంకె మారిపోతుంది. ఇక ఫోన్ జీపీఎస్ ఆరుబయట కూడా కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, ఎత్తు లెక్కలో అయితే ఇంకా ఎక్కువ తేడా.

పైపులు పరిచే పెద్ద మెషీన్లకు గట్టు మీద స్టాండుపై తిరిగే లేజర్ ఉంటుంది. దాన్ని కావలసిన వాలుకు వంచి పెడతారు. మెషీన్ మీది రిసీవర్ ఆ కాంతిని పట్టుకుని, నేల ఎగుడుదిగుడుగా ఉన్నా తవ్వే కత్తిని అదే వాలులో నడిపిస్తుంది. మీకు అది దొరక్కపోతే లేజర్ లెవెల్‌తో పనిచేసే మనిషిని ఒక్కరోజుకు పిలిపించుకోండి, లెవెల్ కొనాల్సిన పనిలేదు.

అదీ కుదరకపోతే మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు ఉంది. నా దృష్టిలో ఫోన్ కంటే అదే నమ్మకం. లోపల గాలి బుడగ ఒక్కటి కూడా లేకుండా నింపండి. 20 మీటర్లకో గూటం పాతి, ప్రతి గూటానికీ గుర్తు 4 సెంటీమీటర్లు దించుతూ రండి. ఆ గుర్తుల మీదుగా దారం లాగి, కొలత గీసిన కర్రతో దారం నుంచి పైపు కోసం తవ్విన కాలువ అడుగు దాకా కొలవండి. ఆ కొలత మొదటి నుంచి చివరిదాకా ఒకటే ఉండాలి.

అన్నిటికన్నా ముందు, కేసీ కాలువలో నీళ్లున్న రోజుల్లో పొలంలో మీటరున్నర లోతు గుంత తీసి, మర్నాడు ఊట ఎంత పైకొచ్చిందో చూడండి. పైపు చివర వంకలో పడే చోటు ఆ వంక నీటిమట్టానికి పైనే ఉండాలి. లేదంటే నీళ్లు వెనక్కి తంతాయి, అప్పుడు గుంత కట్టి మోటారు పెట్టాల్సి వస్తుంది.

ప్రశ్న: కూలీలు దొరకడం లేదు. జేసీబీతో తవ్వించొచ్చా?

జవాబు: తవ్వించండి, వంక వైపు నుంచి పైకి తవ్వుకుంటూ రమ్మనండి. అడుగున జానెడు మట్టి మాత్రం పారతో తీయించండి. బకెట్ ఎక్కడైనా ఎక్కువ లోతుకు దిగితే వదులు మట్టితో పూడ్చి పైపు పెట్టకండి. ఆ మట్టి కుంగి, పైపు అక్కడ వంగి, ఆ వంపులో బురద పేరుకుంటుంది. కంకర పోసి దిమ్మిస చేయించాకే పైపు పరచండి.