బస్సులో, రైల్లో ఫోన్ స్పీకర్ పెట్టేవాళ్ళకి గొడవ అవ్వకుండా ఎలా చెప్పాలి?

ముందు వాళ్ళ భాషలో అడగండి, రూలు తర్వాత తీయండి. నేనైతే అలాగే చేస్తా, అది కూడా నాకు చెంపదెబ్బ లాంటిది తగిలాకే తెలిసింది.

మాది రాయగడ. ఒడిశాయే గానీ బజార్లో బేరాలు తెలుగులో కూడా నడుస్తాయి, మజ్జిగౌరమ్మ గుడికి పార్వతీపురం, విజయనగరం వైపు నుంచి వచ్చే జనం సంగతి చెప్పక్కర్లేదు. అయినా ఒకసారి గుణుపూర్ బస్సులో నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది, ఒళ్ళో ఎండుచేపల సంచి. కండక్టర్‌తో ఒడియాలో మాట్లాడింది కదా అని ఆవిడకి తెలుగు రాదని నేనే డిసైడ్ అయిపోయి, మా ఆవిడ ఫోన్ చేస్తే "అబ్బ ఏం కంపే బాబూ, ఈ ముసల్ది ఎప్పుడు దిగుతుందో ఏమో" అని బస్సంతా వినపడేలా చెప్పా. ఆవిడ కిక్కురుమనలేదు. దిగేటప్పుడు మాత్రం "నాతోనే అంటే సంచి కిందెట్టేదాన్ని కదా నాయనా" అంది, చక్కటి శ్రీకాకుళం యాసలో. వెనక సీట్ల వాళ్ళ నవ్వులు వింటే బస్సులో తెలుగు రానివాడు ఒక్కడూ లేడని అర్థమైంది. తర్వాత గుణుపూర్ దాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నా.

ఇద్దరు పక్కపక్కన కూర్చుని మాట్లాడుకుంటే మనం అంతగా పట్టించుకోం గానీ ఒకడు ఫోన్‌లో మాట్లాడితే ఎందుకో చెవి అటే పోతుంది. 2010లో అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళు దీనిమీద ప్రయోగం చేశారు, ఒకవైపు మాటలే వినపడితే తర్వాత ఏమంటాడో మెదడు ఊహించుకోలేదు, అందుకని మనం వద్దనుకున్నా ధ్యాస అటే లాగుతుందని తేల్చారు. నా ఎండుచేపల ముచ్చట అంతమంది అంత శ్రద్ధగా ఎందుకు విన్నారో అది చదివాక తెలిసింది.

ఇక రైలు సంగతి. విశాఖ నుంచి కోర్బా ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్నా, బొబ్బిలి దాటింది, పది కూడా దాటింది, ఎదురు బెర్త్ పెద్దాయన ఫోన్‌లో ఫుల్ సౌండ్‌తో భజనలు. పై బెర్త్ కుర్రాడు లేచి "రూల్ తెలీదా, 139కి కొడతా" అన్నాడు. రూల్ నిజమే, రాత్రి పది తర్వాత ఇయర్‌ఫోన్స్ లేకుండా పాటలు పెట్టకూడదు, ఫోన్‌లో గట్టిగా మాట్లాడకూడదు అని 2022 జనవరిలో రైల్వే వాళ్ళు చెప్పారు, 139కి కంప్లైంట్ కూడా ఇవ్వొచ్చు. కానీ ఆ మాటతో పెద్దాయనకి పంతం వచ్చేసింది, సౌండ్ ఇంకాస్త పెంచాడు. నేను ఒడియాలో "భాయినా, టికే ఆస్తే" (అన్నా, కాస్త మెల్లగా) అన్నా అంతే, ఆయన చెవి చూపించి సరిగ్గా వినపడదని సైగ చేశాడు. పాపం అనిపించి నా ఇయర్‌ఫోన్స్ ఇచ్చా. భజన ఆగింది గానీ ఇంతలో వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు, చెవుల్లో అవి పెట్టుకునే ఆయన "శుణుచి, శుణుచి" (వింటున్నా, వింటున్నా) అని అరిచిన అరుపుకి కోచ్‌లో పడుకున్న వాళ్ళంతా లేచారు. చుట్టూ చప్పుడు ఉంటే మనకి తెలీకుండానే గొంతు పెరుగుతుంది, లోంబార్డ్ ఎఫెక్ట్ అంటారు, పైగా ఆయనకి చెవులు సరిగ్గా వినపడవు కూడా. కాబట్టి గట్టిగా మాట్లాడే ప్రతివాడూ పొగరుతో మాట్లాడుతున్నాడని అనుకోకండి.

గుంపుగా కూర్చుని రీల్స్ పెట్టే కుర్రాళ్ళయితే వేరే లెక్క. అందులో ఒకడి ముఖం చూసి, వాడితోనే, మిగతావాళ్ళకి వినపడకుండా చెప్తా, అందరి ముందూ అంటే ఫ్రెండ్స్ దగ్గర పరువు పోతుందని తిరగబడతారు. తాగున్నారంటే మాత్రం నేను నోరు తెరవను, టీటీఈకి చెప్తా లేదా 139, బస్సయితే కండక్టర్. హాస్పిటల్ వరండాలో ఎవరైనా ఫోన్‌లో గట్టిగా మాట్లాడుతుంటే అస్సలు ఏమీ అనను, వాళ్ళు ఏ కబురు చెప్తున్నారో మనకేం తెలుసు.

మా ఆవిడ ఇప్పటికీ నేను బస్సులో ఉన్నప్పుడే ఫోన్ చేస్తుంది. దిగాక చేస్తా అని చిన్నగా అంటే "ఏం, పక్కన ఎండుచేపలా?" అంటుంది.