మాటలు నావి, ట్యూన్ వాడిది.. మరి పాటెవరిది?

ప్రశ్న: మాస్టారూ నమస్తే. మేం కొంతమందిమి, రాసేవాళ్ళం, పాడేవాళ్ళం, కీబోర్డు వాయించేవాళ్ళం ఒక వాట్సాప్ గ్రూపులో ఉన్నాం, ఎవరు ఏది చేసినా అందులో పెట్టుకుంటాం. నేను పెట్టిన పాటకి విజయనగరం ఫ్రెండొకడు ట్యూన్ కట్టి పాడి యూట్యూబ్‌లో పెట్టేసాడు, బాగానే చేసాడు గానీ నా పేరెక్కడా లేదు. అడిగితే "లిరిక్స్‌దేటుందిరా, పాటంటే ట్యూనే కదా, అయినా గ్రూపులో పెట్టావంటే వాడుకోమనే కదా" అంటన్నాడు. ఏటి చెయ్యమంటారు?
- పేరు వద్దన్న పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: తమ్ముడూ, మీ వాడు రెండు మాటలన్నాడు, రెండూ తప్పే. మన కాపీరైట్ చట్టం 1957ది, అందులో సంగీతం అంటే పాడే మాటల్ని పక్కన పెట్టి ఒట్టి బాణీయే లెక్క. మాటలు సాహిత్యం కింద వేరేగా వస్తాయి, రికార్డింగ్ మూడోది. నువ్వు రాసిన క్షణం నుంచి ఆ మాటలు నీవే, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు (చేయిస్తేనే హక్కు అనుకుంటారు చాలామంది, కాదు), నువ్వు బతికున్నన్నాళ్ళూ ఆ తర్వాత ఇంకో 60 ఏళ్ళూ. గ్రూపులో పెట్టావంటే చదవమని, పట్టుకుపొమ్మని కాదు. హక్కు రాసిచ్చెయ్యాలంటే కాగితం మీద నీ సంతకం ఉండాలి, అందులో ఎన్నేళ్ళకో రాయకపోతే చట్టం 5 ఏళ్ళకే అనుకుంటుంది. అసలు హక్కులన్నీ డబ్బుకి అమ్మేసుకున్నా సరే, ఇది రాసింది నేను అని చెప్పుకునే హక్కు మాత్రం పోదు, అది సెక్షన్ 57.

అలాగని రేపే యూట్యూబ్‌కి కంప్లైంట్ కొట్టీకు. వీడియో తీసేస్తారు, వాడికి స్ట్రైక్ (యూట్యూబ్ వేసే తప్పు మార్కు లాంటిది) పడుద్ది, మూడు పడితే ఛానెలే పోద్ది, నీకు పేరూ రాదు ఫ్రెండూ మిగలడు. ముందు ఫోన్ చేసి టైటిల్‌లోనూ కిందనూ పేరు పెట్టమను, ఎడిట్ చెయ్యడానికి ఎంతసేపు. డబ్బులొస్తే ఎవరికెంతో కూడా అప్పుడే మెసేజ్‌లో రాయించుకో. గ్రూపులో నువ్వు పెట్టిన ఒరిజినల్ మెసేజ్ మాత్రం పోనివ్వకు, తేదీతో సహా నీ సాక్ష్యం అదే, మెసేజ్‌లు కొన్నాళ్ళకి వాటంతటవే చెరిగిపోయే డిసప్పియరింగ్ మెసేజెస్ ఆన్‌లో ఉంటే ముందు దాని సంగతి చూడు. అప్పటికీ వినకపోతే కంప్లైంట్ ఎలాగూ ఉంది. నీకూ ఒకటి చెప్పాలి, ఆ ట్యూన్ వాడిది, కోపంలో వేరేవాళ్ళ చేత అదే బాణీలో పాడించి పెట్టావనుకో, అప్పుడు తప్పు నీదవుద్ది.

ప్రశ్న: మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో తప్పెటగుళ్ళు వాళ్ళు పాడినవి ఫోన్‌లో రికార్డు చేసాను. బీట్ వేసి రిలీజ్ చెయ్యొచ్చా అండీ?
- డిగ్రీ స్టూడెంట్, బొబ్బిలి

జవాబు: పాట తరతరాలది అయితే దానికి ఓనరంటూ ఎవరూ లేరమ్మా. కానీ ఆ రోజు పాడినవాళ్ళకి వాళ్ళు పాడినదాని మీద హక్కుంది, 50 ఏళ్ళు. అందుకని ముందు వాళ్ళని అడుగు, ఒప్పుకుంటే దళం పేరూ ఊరి పేరూ వెయ్యి, నాలుగు రూపాయలొస్తే వాటా ఇయ్యి. ఇంకోటి, జానపదం అనేముందు రాసినవాళ్ళెవరైనా ఉన్నారేమో పెద్దవాళ్ళని కనుక్కో. మన ఉత్తరాంధ్ర పాటల కవి వంగపండు ప్రసాదరావు గారు పోయింది 2020లో, నిన్నగాక మొన్న, ఆయన రాసినవి కూడా ఎవరివో పాతకాలంవి అన్నట్టు పాడేస్తుంటే నాకు ఒళ్ళు మండుద్ది.

ప్రశ్న: కథ పెడితే అందరూ "సూపర్ అన్నా" అంటారు, అంతే. బాగుందో లేదో తెలిసేదెలా?
- ఓ కొత్త రచయిత, విజయనగరం

జవాబు: ఎలా ఉంది అని అడిగితే సూపర్ అనే అంటారు బాబూ, ఇంకేమంటారు. ఉదాహరణకి, రెండో పేజీలో ముసలాయన ఎందుకు లేచి వెళ్ళిపోయాడో అర్థమైందా అని అడిగి చూడు, చదివినోడెవడో చదవనోడెవడో కూడా తేలిపోద్ది. వీలు చూసుకుని శ్రీకాకుళంలో కథల లైబ్రరీ కథానిలయానికి వెళ్ళు, కథా రచయిత కారా మాస్టారు (కాళీపట్నం రామారావు గారు) 1997లో పెట్టింది, ఎప్పటెప్పటి తెలుగు కథలో ఉంటాయి, నువ్వు రాసిన విషయం మీద నీకన్నా ముందు ఎవరేం రాసారో చదువుకోవచ్చు. వెళ్ళేటప్పుడు నీ కథ కూడా ప్రింట్ తీసి పట్టుకెళ్ళు, పక్కన పెట్టుకుని చూద్దువుగాని.