ముత్తాతగారి రైల్వే షేర్లకు ఇప్పుడు డబ్బు వస్తుందా?

ప్రశ్న: మా ముత్తాత లాతూరులో పత్తి వ్యాపారం చేసేవారు. ఆయన పాత ట్రంకు పెట్టెలో బార్షి లైట్ రైల్వే కంపెనీ షేర్ సర్టిఫికెట్ దొరికింది. ఒక ఏజెంటు చూసి రైల్వే శాఖ నుంచి లక్షలు ఇప్పిస్తాను, ముందు నలభై వేలు కట్టండి అంటున్నాడు. కట్టమంటారా?

జవాబు: ఒక్క రూపాయి కూడా కట్టకండి.

ఆ కంపెనీని 1895లో లండన్‌లో పెట్టారు. కాల్‌త్రాప్ అనే ఇంజనీరు రెండున్నర అడుగుల నారో గేజు మీద 1897లో కుర్దువాడి నుంచి బార్షికి రైలు నడిపించాడు, ఆ తర్వాత లైను పండరిపురానికి, 1911లో లాతూరుకి, 1927లో మిరజ్‌కి చేరింది. లైను లాతూరు దాకా వచ్చింది కాబట్టి అక్కడి వ్యాపారి ఇంట్లో ఈ కాగితం దొరకడం నాకేమీ వింతగా అనిపించలేదు.

1954 జనవరి 1న ఆ లైను భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. చాలామంది ఇక్కడే పొరబడతారు. ప్రభుత్వం కొన్నది రైల్వేని, వాటాదారుల షేర్లని కాదు. ధర ముట్టేది కంపెనీకి, దాన్ని వాటాదారులకు పంచాల్సింది కూడా కంపెనీయే, కాబట్టి రైల్వే శాఖ మీకు బాకీ ఏమీ లేదు. ఎవరూ తీసుకోని డివిడెండ్లు, షేర్లు చేరే ఐఈపీఎఫ్ అనే కేంద్ర నిధి ఉంది కదా అంటారేమో, అది మన దేశంలో రిజిస్టరైన కంపెనీలకే. ఇంగ్లండులో రద్దయిన కంపెనీ దగ్గర పంచకుండా మిగిలిన ఆస్తి అక్కడి రాజఖజానాకి పోతుంది, ఆ కంపెనీని కోర్టు ద్వారా మళ్ళీ నిలబెట్టడానికి మామూలుగా ఆరేళ్ళే గడువు. డెబ్బై ఏళ్ళ తర్వాత వారసత్వ సర్టిఫికెట్ కోసం కోర్టు ఫీజు కట్టినా అది దండగ ఖర్చే.

అలాగని పారేయకండి, దయచేసి. పాత షేర్ పత్రాలు సేకరించేవాళ్ళు ఉన్నారు, కొంటారు కూడా. కాకపోతే 75 ఏళ్ళు దాటి చారిత్రక విలువ ఉన్న పత్రం 1972 పురావస్తువుల చట్టం కిందికి రావచ్చు, అందుకని పురావస్తు శాఖని అడగకుండా విదేశాలకు పోస్టు చేయవద్దు.

ఏజెంటు చేతిలో ఒరిజినల్ పెట్టి ఉంటే ఈరోజే వెనక్కి తెచ్చుకోండి. ఆన్‌లైన్‌లో డబ్బు పంపేసి ఉంటే టెన్షన్ పడుతూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.