ఏబీజీ (ధమని రక్తంలోని వాయువుల పరీక్ష) అంకెలు ఒకదానికొకటి కుదరకపోతే?

ప్రశ్న: ఐసీయూ చార్టులో ఒక రోగికి పీహెచ్ (రక్తంలో ఆమ్లత్వాన్ని చెప్పే కొలత) 7.40, పీసీఓ2 (రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ పీడనం) 60, బైకార్బొనేట్ (ఆమ్లాన్ని తటస్థం చేసే లవణం) 24 అని రాసి ఉంది. దీన్ని నమ్మవచ్చా?

జవాబు: నమ్మకండి. ఆ మూడూ ఒకే శాంపిల్‌లో కలిసి ఉండలేవు. పీసీఓ2ను 24తో గుణించి బైకార్బొనేట్‌తో భాగిస్తే, లీటరుకు ఎన్ని నానోమోల్స్ హైడ్రోజన్ అయాన్లున్నాయో తెలుస్తుంది. ఇక్కడ 60 వచ్చింది. అంటే పీహెచ్ 7.22 ఉండాలి, పీహెచ్ 7.40 అయితే లెక్కలో రావాల్సింది 40. యంత్రం నేరుగా కొలిచేది పీహెచ్, పీసీఓ2లనే. బైకార్బొనేట్‌ను వాటి నుంచే లెక్కకడుతుంది కాబట్టి ప్రింటులో ఇంత తేడా రాదు. అంకెలను చార్టులోకి ఎక్కించేటప్పుడు పొరపాటు పడి ఉంటుంది, లేదా వేరే వేళ తీసిన బయోకెమిస్ట్రీ రిపోర్టు అంకెను ఇందులో రాసి ఉంటారు. అసలు ప్రింటు తెప్పించి చూడండి.

అయితే లెక్క కుదిరినంత మాత్రాన శాంపిల్ మంచిదని కాదు. సిరంజిలో ద్రవ హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా వాడే మందు) ఎక్కువగా మిగిలితే పీసీఓ2, బైకార్బొనేట్ రెండూ తగ్గుతాయి, పీహెచ్ మాత్రం పెద్దగా కదలదు. మోసపోయేది ఇక్కడే! డ్రై హెపారిన్ సిరంజి మేలు. గాలి బుడగను వెంటనే బయటికి నెట్టి మూత బిగించండి. ప్లాస్టిక్ సిరంజిని ఐసులో పెట్టకుండా 30 నిమిషాల్లోపు పరీక్ష చేయించండి. ఆలస్యమైతే రక్తకణాలు గ్లూకోజును వాడుకుంటూనే ఉంటాయి, పీహెచ్ తగ్గి పీసీఓ2 పెరుగుతుంది.