300 లీటర్లని అమ్మిన అక్వేరియంలో 234 లీటర్లే పడితే?

ప్రశ్న: మాది హనుమకొండ. ఆరు నెలల క్రితం హైదరాబాద్‌లోని ఒక దుకాణంలో ఇంటి కోసం 4 అడుగుల అక్వేరియం కొన్నాను. పొడవు 4 అడుగులు, వెడల్పు, ఎత్తు ఒకటిన్నర అడుగులు, అద్దం మందం 10 మిల్లీమీటర్లు. స్టాండుతో కలిపి 28 వేలు తీసుకున్నారు. బిల్లు మీద '300 లీటర్లు' అని రాశారు. ఈమధ్య చేపలకు తెల్లమచ్చల జబ్బు వస్తే, మందు సీసా మీదున్న మోతాదును 300 లీటర్లకు లెక్కగట్టి వేశాను. మర్నాటికి నాలుగు ఏంజెల్ చేపలు చనిపోయాయి. అనుమానమొచ్చి ట్యాంకు ఖాళీ చేసి, 20 లీటర్ల వాటర్ క్యాన్లతో నింపి చూశాను. పదకొండున్నర క్యాన్లకే నీళ్లు అంచు దాకా వచ్చేశాయి. దుకాణం వాళ్లను అడిగితే 'అది 67 గ్యాలన్ల ట్యాంకు, లెక్క సరిగ్గానే ఉంది. అమ్మిన సరుకు వాపసు తీసుకోం' అంటున్నారు. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. ట్యాంకు విషయంలో మీ కేసు గట్టిదే. చేపలకు నష్టపరిహారం రాబట్టడం మాత్రం కష్టం. ఈ రెండింటినీ ఒకే గాట కట్టకండి.

ముందు లెక్క తేల్చుకుందాం, ఎందుకంటే ఈ కేసు నిలబడేది దాని మీదే. క్యాన్ల లెక్క మీకు నిజం తెలియడానికి పనికొచ్చింది గానీ సాక్ష్యంగా బలహీనం. క్యాను మెడ దాకా నింపితే 20 లీటర్ల కన్నా కాస్త ఎక్కువే పడుతుంది, అవతలి లాయరు అక్కడే పట్టుకుంటారు. టేపుతో లోపలి కొలతలు తీసుకోండి. సెంటీమీటర్లలో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. మీరు చెప్పిన సైజు ప్రకారం బయటి కొలతలు 121.9, 45.7, 45.7 సెంటీమీటర్లు. అంటే సుమారు 255 లీటర్లు. రెండు పక్కలా, అడుగునా అద్దం మందం తీసేస్తే లోపల 119.9, 43.7, 44.7. అది 234 లీటర్లు. మీ క్యాన్ల లెక్క దీనికి దగ్గరగానే ఉంది.

ఇప్పుడు దుకాణదారు చెప్పే గ్యాలన్ల సంగతి. అమెరికా గ్యాలన్ 3.785 లీటర్లు, బ్రిటిష్ గ్యాలన్ 4.546 లీటర్లు. 67ను మొదటిదానితో గుణిస్తే 254 వస్తుంది, అది మీ ట్యాంకు బయటి కొలత. రెండోదానితో గుణిస్తే 304 దాటుతుంది. బిల్లు మీది 300 ఎక్కడి నుంచి వచ్చిందో దీన్నిబట్టి ఊహించవచ్చు. అమెరికా గ్యాలన్ల అంకెను తీసుకుని బ్రిటిష్ గ్యాలన్ల లెక్కన లీటర్లలోకి మార్చి ఉంటారు. పొరపాటున జరిగినా సరే, లీటర్లు అని తన బిల్లు మీద రాసింది ఆయనే కాబట్టి జవాబుదారీ ఆయనదే. ఒకవేళ బిల్లు మీద గ్యాలన్లు మాత్రమే ఉండి, లీటర్లలోకి మీరే మార్చుకుని ఉంటే, మీ చేతిలో ఇంత బలం ఉండేది కాదు. అసలు మన దేశంలో సరుకు పరిమాణాన్ని బిల్లుల్లో, ప్రకటనల్లో మెట్రిక్ కొలమానంలోనే చూపాలి. లీగల్ మెట్రాలజీ చట్టం 2009లోని సెక్షన్ 11 చెప్పేది అదే. కనుక 'మేం చెప్పింది గ్యాలన్లు' అనే వాదన ఆయనకు ఏమాత్రం మేలు చేయదు.

ఇంకొక మాట కూడా నిజాయితీగా చెప్పాలి. బిల్లు మీద 250 లీటర్లు అని ఉండుంటే, మీరు ఇన్ని తంటాలు పడి వినియోగదారుల కమిషన్‌కు వెళ్లమని చెప్పేదాన్ని కాదు. బయటి కొలత ప్రకారం చెప్పామని వాళ్లు అంటే, ఆ వాదనను తోసిపుచ్చడం అంత తేలిక కాదు. ఇక్కడ బయట కొలిచినా, లోపల కొలిచినా 300 రాదు. నిజంగా 300 లీటర్లు కావాలంటే అదే పొడవు, వెడల్పుతో 2 అడుగుల ఎత్తు ట్యాంకు ఇవ్వాల్సింది.

వినియోగదారుల రక్షణ చట్టం 2019 సెక్షన్ 2(10) ప్రకారం, అమ్మినవాడు ఏ రూపంలోనైనా చెప్పిన పరిమాణానికి సరుకు తగ్గితే అది 'లోపం'. సరుకు పరిమాణం గురించి తప్పుగా చెప్పడం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకోకపోవడం కూడా దాని కిందికే వస్తుంది. 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని కింద అచ్చేసినంత మాత్రాన లోపమున్న సరుకు అమ్మిన బాధ్యత తీరిపోదు. ఆ వాక్యం చూసి ఎంతోమంది వెనక్కి తగ్గిపోతున్నారు, అదే నాకు బాధ.

ఇక చేపలు. పాపం, వాటి విషయంలో మీ బాధ అర్థమైంది. కానీ చట్టం దృష్టిలో ఆ నష్టం దుకాణదారు నిర్లక్ష్యం వల్లే జరిగిందని మీరు చూపించాలి. ట్యాంకులో నీళ్లు అంచు దాకా ఎవరూ నింపరు. పైన 5 సెంటీమీటర్లు వదిలితే 208 లీటర్లు. అడుగున 5 సెంటీమీటర్ల మేర రాళ్లు పరిస్తే ఇంకో 15 లీటర్ల దాకా తగ్గుతుంది. అంటే మీరు మందు వేసిన రోజు ఉన్నది 190 లీటర్ల పైచిలుకే. ఒకటిన్నర రెట్లకు పైగా మోతాదు పడింది. అయితే అందులో 234కూ 190కీ మధ్య తేడా మీ ట్యాంకు అమరికది, దుకాణానిది కాదు. పైగా జబ్బుతో పోయాయా, మందుతో పోయాయా అని అడుగుతారు. ఆ మందు ఎంత వేయాలో కూడా దుకాణదారే 300 లీటర్లకు లెక్కగట్టి కాగితం మీదో, వాట్సాప్‌లోనో చెప్పి ఉంటే పరిస్థితి మారుతుంది. ఆ మెసేజ్ ఉందేమో వెతకండి, ఫోన్ మార్చకండి. లేకపోతే చేపల ఖరీదు అడగండి గానీ దాని మీదే ఆశ పెట్టుకోకండి.

ట్యాంకు ఆరినాక టేపు పెట్టి, అంకెలు కనబడేలా ఫొటోలు తీయండి. బిల్లు ఒరిజినల్ ఎవరికీ ఇవ్వకండి, జిరాక్స్ ఇవ్వండి. తర్వాత దుకాణానికి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి: 300 లీటర్ల ట్యాంకు ఇవ్వాలి, లేదా ఇది తీసుకుని డబ్బు వాపసు ఇవ్వాలి, 15 రోజులు గడువు అని. చట్టప్రకారం నోటీసు తప్పనిసరి కాదు, కానీ చాలా తగాదాలు అక్కడే తేలిపోతాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫోన్ చేయొచ్చు.

అప్పటికీ దారికి రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. కొన్నది హైదరాబాద్‌లో అయినా, సెక్షన్ 34 ప్రకారం మీరు ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు. సరుకుకు చెల్లించిన మొత్తం 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు, లాయరు కూడా తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. మార్చి ఇవ్వడం, లేదా వడ్డీతో ధర వాపసు, దాంతోపాటు పరిహారం, ఖర్చులు అడగండి. గడువు వివాద కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లు. మీరు తేడా కనిపెట్టిన రోజు నుంచి కాకుండా కొన్న రోజు నుంచే లెక్కేసుకోండి, అప్పుడు ఆ అభ్యంతరానికి తావుండదు.

ఈలోగా మిగిలిన చేపల కోసం ఒక పని చేయండి. మీ ట్యాంకులో రాళ్లకు పైన, ఒక్కో సెంటీమీటరు ఎత్తుకు 5.2 లీటర్ల నీళ్లు పడతాయి. రాళ్ల పైనుంచి నీటి మట్టం దాకా స్కేలుతో కొలిచి 5.2తో గుణించండి. రాళ్ల మధ్య ఉండే నీళ్లకు ఇంకో 10 లీటర్లు కలపండి. మందు ఆ లెక్కనే వేయండి, బిల్లు మీది అంకెతో కాదు.